కెమెరా వెనక్కి నడిచిన సాహిరా

*బొంబాయి సినీ కథానాయకుడి కూతురు. కరాచీ టీవీ కథానాయిక. ఆ తర్వాత తెర మీంచి తప్పుకుని, తెర మీద స్త్రీ ఎలా కనిపించాలో తానే తేల్చుకున్న దర్శకురాలు. పాకిస్తాన్ టెలివిజన్‌లో సాహిరా కాజ్మీ ప్రయాణం ఇది.*

1987 జనవరిలో మన దూరదర్శన్‌లో ఆదివారం ఉదయాలు రామాయణం మొదలైంది. అదే ఏడాది సరిహద్దుకు అవతల, పాకిస్తాన్ టెలివిజన్ కరాచీ కేంద్రం నుంచి ఓ సీరియల్ వచ్చింది. అందులో దేవుళ్లు లేరు, యుద్ధాలు లేవు, అత్తాకోడళ్ల పోరు కూడా లేదు. ఒక ఆసుపత్రి, నలుగురైదుగురు డాక్టర్లు, మధ్యలో ఒక ఇంటి వారసత్వపు చిక్కు. అంతే. పేరు ‘ధూప్ కినారే’. అది ప్రసారమయ్యే వేళకు వీధులు ఖాళీ అయిపోయేవని పాకిస్తానీలు ఇప్పటికీ చెబుతారు. పాత సీరియల్ గురించి ఏ దేశంలో అడిగినా ఈ మాటే చెబుతారు కాబట్టి దాన్ని అలా ఉంచుదాం.

చూడాల్సింది ఆ సీరియల్లో అమ్మాయిని. డాక్టర్ జోయా అలీ ఖాన్. కురచ జుట్టు, తెల్ల కోటు, నోటికి అడ్డూ అదుపూ లేదు. పెద్ద డాక్టరు ముందు కూడా నవ్వు ఆపుకోలేదు. డ్యూటీకి ఆలస్యంగా వస్తుంది, తిట్లు తింటుంది, మళ్లీ వస్తుంది. ఎవరి కూతురు, ఎవరి కోడలు అన్న ప్రశ్నల కంటే ముందు ఆమె ఒక ఉద్యోగి. జనరల్ జియా ఉల్ హక్ ఇంకా గద్దె మీదే ఉన్న పాకిస్తాన్‌లో, ప్రభుత్వ చానల్లోనే, ఇలాంటి అమ్మాయి ప్రతి వారం ఇంటింటి నట్టింట్లోకి నడిచొచ్చింది.

రాసింది హసీనా మొయిన్. తీసింది సాహిరా కాజ్మీ. రచయిత్రికి దక్కాల్సిన పేరు దక్కింది. దర్శకురాలి గురించి మాత్రం మనవైపు తెలిసింది తక్కువ. ఆమె కథ మొదలైంది బొంబాయిలోనే అయినా!

శ్యామ్ కూతురు

1940ల చివర బొంబాయిలో వెలిగిన అందగాళ్లలో శ్యామ్ ఒకడు. పూర్తి పేరు శ్యామ్ సుందర్ చద్దా. పుట్టింది సియాల్‌కోట్‌లో, పెరిగింది రావల్పిండిలో. 1942లో ఒక పంజాబీ సినిమాతో తెరకెక్కి, 1949 వచ్చేసరికి తీరిక లేని హీరో అయ్యాడు. సురయ్యాతో ‘దిల్లగీ’, నిగార్ సుల్తానాతో ‘బాజార్’, ‘పతంగా’ అన్నీ ఆ ఒక్క ఏడాదిలోనే వచ్చాయి. రంగూన్‌కు వెళ్లిన మొగుడు టెలిఫోన్ చేసే ఆ పాట, ఇప్పటికీ పెళ్లి బ్యాండ్లు వదలని పాట, ‘పతంగా’లోదే. అందులో తెర మీద కనిపించే నిగార్ సుల్తానా మన హైదరాబాద్ అమ్మాయి. తర్వాత ‘మొఘలే ఆజం’లో బహార్‌గా అనార్కలిని ముప్పుతిప్పలు పెట్టింది కూడా ఆమే.

శ్యామ్‌కు ప్రాణ స్నేహితుడు ఉర్దూ కథకుడు సాదత్ హసన్ మంటో. దేశ విభజన రోజుల్లో ఈ ఇద్దరి మధ్య జరిగిన ఒక సంభాషణ ఉర్దూ సాహిత్యంలో చాలామందికి తెలుసు. రావల్పిండి నుంచి పారిపోయి వచ్చిన ఒక సిక్కు కుటుంబం తమ మీద జరిగిన ఘోరాలను చెబుతుంటే ఇద్దరూ విన్నారు. బయటికి వచ్చాక మంటో అడిగాడు, నేను ముస్లింని కదా, నన్ను చంపాలనిపించలేదా అని. ఇప్పుడు కాదుగానీ, అది వింటున్నప్పుడైతే చంపగలిగేవాడినేమో అన్నాడు శ్యామ్. ఎంత దగ్గరివాళ్ల మధ్యనైనా ఆ కాలం ఏం చేయగలదో మంటోకు ఆ మాటతో అర్థమైంది. 1948 మొదట్లో ఆయన లాహోర్ వెళ్లిపోయాడు. స్నేహం మాత్రం చెడలేదు. శ్యామ్ మీద మంటో రాసిన వ్యాసం, ఆయన రాసిన సినీ జ్ఞాపకాల్లో అన్నిటికన్నా ఆర్ద్రమైనదని నా అభిప్రాయం.

ఆ శ్యామ్ పెళ్లాడింది ముంతాజ్ ఖురేషీని. అందరూ తాజీ అనేవారు. వాళ్ల కూతురే సాహిరా, 1950లో పుట్టింది. 1951 ఏప్రిల్ 25న ‘షబిస్తాన్’ చిత్రీకరణలో శ్యామ్ గుర్రం మీంచి పడి చనిపోయాడు. అప్పటికి అతనికి ముప్పై ఒకటి. బిడ్డకు ఊహ తెలిసే వయసే కాదు. తాజీ పాకిస్తాన్ చేరి మళ్లీ పెళ్లి చేసుకుంది. పాప సవతి తండ్రి ఇంటిపేరుతో సాహిరా అన్సారీగా పెరిగింది.

హిందువులకు రావల్పిండి లేకుండా పోయిందని తండ్రి బొంబాయిలో బాధపడ్డాడు. కూతురు ఆ రావల్పిండి ఉన్న దేశంలోనే నటి అయింది. దీన్ని విధి లీల అనేసి కథను మెలోడ్రామా చేయొచ్చు. సాహిరా తీసిన పనిలో మాత్రం మెలోడ్రామా మచ్చుకైనా దొరకదు. కాబట్టి మనమూ ఇక్కడ ఆగుదాం.

తెర మీద

పాకిస్తాన్ టెలివిజన్ 1964 నవంబర్ 26న లాహోర్‌లో పుట్టింది. పీటీవీ అన్న పొట్టి పేరే అందరి నోటా నిలిచింది. 1970ల నాటికి అది అక్కడి మధ్యతరగతికి సినిమాను మించిన వ్యసనం. ఒకటే చానల్, అదీ ప్రభుత్వానిది. నాటకం వారానికి ఒక్కరోజు. పదమూడు వారాలు, అంటే సంవత్సరంలో పావు వంతు కాలానికి, కథ అయిపోవాలి. రచయిత ముగింపు తెలిసే మొదలుపెట్టాలి. నటులు ముందు రోజుల తరబడి రిహార్సల్ చేసి, తర్వాత స్టూడియోలో మూడు కెమెరాల ముందు నిలబడాలి. ఇక్కడ రేడియో నుంచీ, రంగస్థలం నుంచీ వచ్చినవాళ్లదే రాజ్యం. వాళ్లకు ఉచ్చారణ తప్పితే పెద్ద తలవంపు.

సాహిరా ఈ లోకంలోకి వచ్చింది చదువుకున్న, మితభాషి అయిన నటిగా. 1974లో తుర్గేనివ్ ‘తండ్రులూ కొడుకులూ’ ఆధారంగా వచ్చిన ‘ఖుర్బతేఁ ఔర్ ఫాస్‌లే’లో ఆమె పక్కన రాహత్ కాజ్మీ. ప్రభుత్వ సర్వీసు ఉద్యోగాన్ని వదిలి నటనలోకి వచ్చిన మనిషి, ఇంగ్లీషు సాహిత్యం పిచ్చివాడు. ఇద్దరూ పెళ్లి చేసుకున్నారు. సాహిరా అన్సారీ, సాహిరా కాజ్మీ అయింది అలాగే.

1976లో పీటీవీ రంగుల్లోకి మారినప్పుడు తొలి రంగుల సీరియల్‌గా ‘పర్ఛాయియాఁ’ వచ్చింది. హెన్రీ జేమ్స్ ‘ది పోర్ట్రెయిట్ ఆఫ్ ఎ లేడీ’ని హసీనా మొయిన్ కరాచీ వాతావరణానికి మార్చి రాసింది. స్వతంత్రంగా బతకాలనుకున్న అమ్మాయి తానే ఏరికోరి ఒక తప్పుడు మనిషిని పెళ్లాడి, ఆ తప్పు బరువును నోరు మెదపకుండా మోయడం కథ. సాహిరాతో పాటు రాహత్, తలత్ హుసేన్, షకీల్ నటించారు. తర్వాత 1980లో రాహత్ స్వయంగా అయన్ రాండ్ ‘ది ఫౌంటెన్‌హెడ్’ను ‘తీస్‌రా కినారా’గా మలిచాడు. అందులోనూ దంపతులిద్దరూ ఉన్నారు.

తుర్గేనివ్, హెన్రీ జేమ్స్, అయన్ రాండ్! ప్రభుత్వ టీవీ కోసం ఇంత పాశ్చాత్య లైబ్రరీని ఉర్దూలోకి దించుకున్న తరం అది. ఇందులో కొంత బడాయి లేకపోలేదు. కరాచీ సంపన్నుల డ్రాయింగ్ రూముల్లో కూర్చుని బాధపడే పాత్రలు మామూలు మనిషికి ఎంత దగ్గరవుతాయన్న ప్రశ్న అప్పట్లోనూ సహజం. అయితే ఆ నాటకాలు సాహిరాకు ఒకటి నేర్పాయి. కేకలు పెట్టకుండా కథ నడపవచ్చు. ముఖం మీద కెమెరా ఎంతసేపు నిలిపితే చాలు, ఎక్కడ తీసేయాలి అన్న లెక్క నటిగా ఆమెకు లోపలి నుంచి తెలిసింది. దర్శకత్వంలో ఆమె బలమంతా ఈ లెక్కే.

దుపట్టా కొలతలు

1977 జులై 5న జియా సైనిక కుట్రతో అధికారం లాక్కున్నాడు. 1979లో ఇస్లామిక్ శిక్షలు తెచ్చిన హుదూద్ ఆర్డినెన్సులు వచ్చాయి. 1984లో సాక్ష్య చట్టం మారి, ఆర్థిక ఒప్పందాల్లో ఇద్దరు స్త్రీల సాక్ష్యం ఒక మగవాడి సాక్ష్యానికి సమానమైంది. అంతకు ముందు 1983 ఫిబ్రవరి 12న లాహోర్‌లో ఈ ప్రతిపాదన మీద ఊరేగింపు తీసిన స్త్రీలపై పోలీసులు లాఠీలు ఝుళిపించారు.

ఈ మార్పులన్నిటికీ టీవీయే ప్రదర్శనశాల. తెర మీద కనిపించే స్త్రీలు, వార్తలు చదివేవాళ్లతో సహా, తల మీద దుపట్టా కప్పుకోవాలన్నారు. మెహతాబ్ చన్నా అనే కార్యక్రమ నిర్వాహకురాలు కప్పుకోనని చెప్పి, కార్యక్రమాన్నే పోగొట్టుకుంది. (తర్వాతి కాలంలో మెహతాబ్ అక్బర్ రాష్దీగా సింధ్ శాసనసభకు వెళ్లింది ఈమే.) నాటకాల్లో భార్యాభర్తలు కూడా ఒకరినొకరు తాకకూడదు. నిద్ర లేచే సన్నివేశంలోనూ ఆడమనిషి తల మీద కొంగు చెదరదు. ఆ రోజుల నటీమణులు దీన్ని నవ్వుతూ చెబుతుంటారు గానీ, అప్పట్లో నవ్వులాట కాదు.

తెర మీద స్త్రీని గజం బద్దతో కొలిచే ఆ ఏళ్లలోనే సాహిరా తెర వెనక్కి జరిగింది. కరాచీ కేంద్రంలో ప్రొడ్యూసర్ అయింది. పీటీవీలో ప్రొడ్యూసర్ అంటే డబ్బు పెట్టేవాడు కాదు, దర్శకుడే. ఆమె మనసులో ఏముందో ఊహించడం నా పని కాదు. ఫలితాన్ని మాత్రం చూడవచ్చు. ముందు నిలబడే ఆడమనిషికి వంద నిబంధనలు పెట్టినవాళ్లు, వెనక నిలబడి కెమెరాను ఎటు తిప్పాలో చెప్పే ఆడమనిషికి నిబంధన రాయడం మరిచిపోయారు.

కరాచీ కేంద్రం అప్పట్లో వలస వచ్చినవాళ్ల కొలువు. హసీనా మొయిన్ది కాన్పూర్. ఉమ్మడి కుటుంబాల కథలు రాసిన ఫాతిమా సురయ్యా బజియా, ఆమె తమ్ముడు అన్వర్ మఖ్సూద్‌ల కుటుంబం హైదరాబాద్ సంస్థానం నుంచి వెళ్లింది. అన్వర్ మఖ్సూద్ హాస్యంలో మన పాతబస్తీ వెటకారం ఛాయ దొరికితే ఆశ్చర్యపోనక్కర్లేదు. ఈ మనుషులంతా వదిలివచ్చిన ఇళ్లను మనసులో మోసుకొచ్చినవాళ్లే. అందుకే కాబోలు, ఆ కాలపు కరాచీ సీరియళ్లలో పోయిన ఇల్లు, చేజారిన హవేలీ, వారసత్వపు తాళంచెవి మాటిమాటికీ వస్తాయి. 1985లో షెహజాద్ ఖలీల్ తీసిన ‘తన్‌హాయియాఁ’లో తల్లిదండ్రులు పోయిన అక్కాచెల్లెళ్లకు సొంత ఇల్లే దక్కకుండా పోతుంది. ‘ధూప్ కినారే’లోనూ ఒక ఇల్లే తగాదాకు మూలం.

తాకకుండా ప్రేమకథ

కథ క్లుప్తంగా ఇది. జోయా తండ్రికి, తాతకు పొసగలేదు. తాత తన ఆస్తిని తాను పెంచిన అబ్బాయికి రాసి పోయాడు. ఆ అబ్బాయే ఇప్పుడు జోయా పనిచేసే ఆసుపత్రిలో పెద్ద డాక్టరు అహ్మర్ అన్సారీ. నవ్వని మనిషి. జోయాకు అతనంటే మంట. మంట ఎప్పుడు మరొకటిగా మారిందో ఆమెకూ తెలియదు, అతనికీ తెలియదు. ఈలోగా తోటి డాక్టరు ఇర్ఫాన్ జోయాను ఇష్టపడుతుంటాడు. జోయా స్నేహితురాలు అంజి ఇర్ఫాన్‌ను ఇష్టపడుతుంటుంది. అహ్మర్ ఈడుదే అయిన డాక్టర్ షీనా ఏళ్లుగా అతన్ని ప్రేమిస్తూ ఒక్కసారి కూడా నోరు విప్పదు.

జోయాగా మరీనా ఖాన్. అప్పటికి నటనలో ఇంకా కొత్త, ‘తన్‌హాయియాఁ’లో చెల్లెలి పాత్రతో పేరొచ్చింది. తండ్రి పఠాన్, తల్లి ఆంగ్లేయురాలు. అహ్మర్‌గా రాహత్ కాజ్మీ. అంటే, తన మొగుడు పరాయి పిల్లతో ప్రేమలో పడే సన్నివేశాలను సాహిరా దగ్గరుండి తీయించింది. ఎక్కడ చూపు నిలపాలో, ఎక్కడ తల తిప్పుకోవాలో ఆయనకు ఆమెకన్నా బాగా చెప్పగలవారు మాత్రం ఎవరు!

హసీనా మొయిన్ మాటల్లో హుషారు ఎక్కువ. ఆమె అమ్మాయిలు ఊపిరి తీసుకోకుండా మాట్లాడతారు, ఎదుటివాడి మాట పూర్తికాకుండానే అందుకుంటారు. ఒక్కోసారి ఆ చలాకీతనం మోతాదు మించుతుంది కూడా. ఆ హుషారుకు కళ్లెం వేసింది సాహిరా. జోయా గలగల మాట్లాడి వెళ్లిపోయాక, కెమెరా ఆమె వెంట పోదు. అహ్మర్ మీద ఒక క్షణం ఎక్కువ నిలుస్తుంది. అతని ముఖంలో పెద్దగా ఏమీ జరగదు. ఆ ‘పెద్దగా ఏమీ జరగకపోవడం’ పోగుపడి పోగుపడి, చివరికి అతను తన మనసు తాను తెలుసుకునే వేళకు మనకు ఎప్పుడో తెలిసిపోయి ఉంటుంది. తాకకూడదన్న నిబంధనను ఆమె ధిక్కరించలేదు, దాని గురించి ఫిర్యాదూ చేయలేదు. దాన్నే కథ వ్యాకరణంగా మార్చేసింది. ఆసుపత్రి వరండాలో ఇద్దరు డాక్టర్లు రోగి కాగితం పట్టుకుని ఎడంగా నిలబడటం సహజం. ఆ ఎడంలోనే ప్రేమకథ నడిచింది.

సీరియల్ పేరు ఫైజ్ అహ్మద్ ఫైజ్ కవిత నుంచి తీసుకున్నది. ఫైజ్ 1984 నవంబర్‌లోనే కన్నుమూశాడు. జియా కాలంలో కొన్నేళ్లు బేరూత్ ప్రవాసంలో గడిపిన కవి. ఆయన మాటల్ని జియా హయాంలోనే ప్రభుత్వ టీవీ సీరియల్‌కు పేరుగా పెట్టుకోవడంలో రాజకీయం ఉందని గట్టిగా అనలేను గానీ, చదువుకున్న ప్రేక్షకుడికి ఆ పేరు వినగానే కవి గుర్తురాకుండా ఉండడు.

నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది డాక్టర్ షీనా పాత్ర. బదర్ ఖలీల్ నటించింది. ఇలాంటి పాత్రను మన సీరియళ్లలోనైతే మొదటి వారంలోనే విలన్ చేసేస్తారు. కళ్లకు కాటుక దట్టించి, మెట్ల మీద నిలబెట్టి, వెనక మూడు ఉరుములు ఉరిమిస్తారు. షీనా అసూయపడదు, కుట్ర పన్నదు. మంచి డాక్టరు, తన పని తాను చేసుకుపోతుంది. ఒక స్త్రీ మరో స్త్రీ చేతిలో ఓడిపోయి కూడా హుందాగా ఉండగలదని, అందుకు ఆమెకు త్యాగమూర్తి పీఠం వేయనక్కర్లేదని చూపించడం అప్పటికీ కొత్తే, ఇప్పటికీ కొత్తే.

లోపాలు లేవా? ఉన్నాయి. అహ్మర్, జోయాల మధ్య వయసు తేడా ఈనాటి కంటికి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పెద్ద డాక్టరు చిన్న డాక్టరును అందరి ముందూ గద్దించడాన్ని ప్రేమకు తొలిమెట్టుగా చూపడం కూడా నేడు అంత తేలిగ్గా మింగుడుపడదు. సెట్లలో తలుపు వేస్తే గోడ ఊగడం సంగతి సరేసరి.

ఆ సీరియల్ క్యాసెట్లు మన దేశంలోకి కూడా వచ్చాయి. 1980ల చివర మన నగరాల్లో వీడియో క్యాసెట్లు అద్దెకిచ్చే దుకాణాల్లో హిందీ సినిమాల పక్కన పాకిస్తానీ నాటకాలకు ఒక అర ఉండేది. ఉర్దూ తెలిసిన ఇళ్లలో వాటికి గిరాకీ.

చీర కట్టిన మొయిన్ అఖ్తర్

1990ల మొదట్లో ఆమె పూర్తిగా దారి మార్చి ఒక హాస్య టెలిఫిల్మ్ తీసింది. ‘రోజీ’. హాలీవుడ్‌లో డస్టిన్ హాఫ్‌మన్ ‘టూట్సీ’ చేసింది 1982లో. వేషాలు దొరకని నటుడు ఆడవేషం వేసుకుని వెళ్తే పెద్ద స్టార్ అయిపోతాడు. ఆ కథను ఇమ్రాన్ అస్లం కరాచీకి తెచ్చాడు. హారూన్‌గా, మిస్ రోజీగా మొయిన్ అఖ్తర్.

మనకు ఆడవేషం అనగానే ‘చిత్రం భళారే విచిత్రం’లో నరేశ్, ‘మేడమ్’లో రాజేంద్రప్రసాద్ గుర్తుకొస్తారు. కాస్త అటూ ఇటూగా అవే రోజులు. ఆడవేషంలో ఎప్పుడూ ఒక ప్రమాదం ఉంటుంది. నడుము తిప్పి, కన్ను గీటి, నవ్వించి వదిలేయవచ్చు. మొయిన్ అఖ్తర్ అలా చేయలేదు, సాహిరా చేయనివ్వలేదు అనుకోవడమే న్యాయం. రోజీ ఎబ్బెట్టుగా ఉండదు. మర్యాదస్తురాలైన, కాస్త ఒంటరిదైన, ఉద్యోగానికి వచ్చిన ఆడమనిషిలా ఉంటుంది. నవ్వు పుట్టేది ఆమె మీద కాదు, ఆమె చుట్టూ మూగే మగవాళ్ల మీద. భుజం మీద చేయి వేసి మాట్లాడే దర్శకుడు, ఫోన్ నంబరు అడిగే సహనటుడు. అప్పటిదాకా పక్కవాళ్లకు జరిగితే పట్టించుకోని హారూన్‌కు, అదే తనకు జరిగినప్పుడు తెలిసొస్తుంది.

టీవీ స్టూడియోలో ఆడవాళ్లతో ఎలా ప్రవర్తిస్తారో, టీవీ స్టూడియోలో పుట్టిపెరిగిన దర్శకురాలే తీసి, అదే ప్రభుత్వ టీవీలో వేయించింది. నటిగా తాను చూసినవెన్ని ఇందులోకి వచ్చాయో ఆమెకే తెలియాలి. 2011 ఏప్రిల్‌లో మొయిన్ అఖ్తర్ చనిపోయినప్పుడు, వందల వేషాలు వేసిన ఆ మనిషిని తలుచుకుంటూ చాలామంది ముందుగా చెప్పిన పేరు రోజీయే. అన్వర్ మఖ్సూద్‌తో కలిసి చేసిన ‘లూజ్ టాక్’ పేరు ఆ తర్వాతే.

కుటుంబ నియంత్రణ కథలు

సాహిరా పనిలో తక్కువ మంది చెప్పుకునే భాగం ఒకటుంది. 1991లో ‘ఆహట్’, 1993లో ‘నిజాత్’. మొదటిది హసీనా మొయిన్ రచన, రెండోది అస్ఘర్ నదీమ్ సయ్యద్ది. రెండూ చిన్న కుటుంబం, తల్లి ఆరోగ్యం గురించి జనానికి చెప్పడానికి చేసినవి. అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయ నిపుణుల తోడ్పాటు వీటి వెనక ఉంది.

కథలో సందేశం ఇరికిస్తే ఏమవుతుందో మనకు తెలుసు. 1984లో దూరదర్శన్ ‘హమ్ లోగ్’ మొదలుపెట్టింది కూడా ఇందుకే. మెక్సికోలో మిగెల్ సబీదో నడిపిన సీరియళ్ల నమూనా చూసి, కుటుంబ నియంత్రణ ప్రచారంగా మొదలుపెడితే, తొలి భాగాల్లోని పాఠాలకు ప్రేక్షకులు మొహం తిప్పుకున్నారు. పాఠం తగ్గించి కుటుంబ కథ పెంచాకే అది నిలదొక్కుకుంది.

‘ఆహట్’లో సాహిరా ఆ ఇబ్బందిని తప్పించుకున్న తీరు గమనించదగ్గది. వరసగా ఆడపిల్లలు పుట్టిన ఇంట్లో కొడుకు కోసం ఎదురుచూపు. తల్లి పాత్రకు సానియా సయీద్‌ను తీసుకుంది, అప్పటికి చాలా చిన్న వయసు. భర్తగా జునూన్ బ్యాండ్ గిటారిస్టు సల్మాన్ అహ్మద్. భర్తను దుర్మార్గుడిగా చూపించలేదు. ప్రేమ ఉన్నవాడే. ప్రేమ ఉండి కూడా ఆమె ఒంట్లో శక్తి ఎంత మిగిలిందో చూడలేనివాడు. ప్రేక్షకుల్లోని మగవాళ్లకు తప్పించుకునే దారి లేకుండా చేసింది ఈ చిన్న మార్పే. విలనైతే, నేనలాంటివాణ్ణి కాదులే అనుకుని లేచి వెళ్లేవాళ్లు.

‘నిజాత్’ ఆ విషయాన్నే పేదల ఇళ్లలోకి తీసుకెళ్లింది. డ్రాయింగ్ రూముల నాటకాల నుంచి వచ్చిన దర్శకురాలికి అది పెద్ద దూరం. 1970ల ‘పర్ఛాయియాఁ’ పక్కన దీన్ని పెట్టి చూస్తే ఒకే మనిషి ప్రయాణమని నమ్మడం కష్టం. ముఖం మీద కెమెరా నిలిపే పద్ధతి పట్టిస్తుంది.

తర్వాత

2002లో పాకిస్తాన్ ప్రైవేటు చానళ్లకు తలుపులు తీసింది. పీటీవీలోనే ‘మార్వీ’ తీసిన సుల్తానా సిద్దీఖీ 2005లో హమ్ టీవీ పెట్టింది. ఒక స్త్రీ దర్శకురాలు చానల్ యజమాని అయిందన్నమాట. ప్రకటనలు వచ్చాయి, డబ్బు వచ్చింది, సీరియల్ నిడివి పెరిగింది. వాటితో పాటు చెంపదెబ్బలు, వెక్కివెక్కి ఏడ్చే కోడళ్లు కూడా వచ్చారు. సాహిరా ఆ సంతలోకి దిగలేదు. కొత్త శతాబ్దం మొదట్లోనే చిత్రీకరణలకు దాదాపుగా దూరమైంది. రాహత్ కరాచీలో నటుడు జియా మొహియుద్దీన్ స్థాపించిన రంగస్థల అకాడమీలో పాఠాలు చెప్పాడు. కొడుకు అలీ కాజ్మీ కెనడా వెళ్లి నటుడయ్యాడు, దీపా మెహతా ‘ఫన్నీ బాయ్’లో తండ్రి పాత్ర అతనిదే. శ్యామ్ మనవడు ఒక భారతీయ సంతతి దర్శకురాలి సినిమాలో శ్రీలంక తమిళుడిగా కనిపించడం, ఈ కుటుంబానికి సరిహద్దులంటే ఉన్న అలక్ష్యానికి తగినట్టే ఉంది.

భారతదేశంలో 2014 జూన్‌లో జిందగీ చానల్ మొదలై, పాకిస్తానీ సీరియళ్లను నేరుగా మన ఇళ్లలోకి తెచ్చింది. సుల్తానా సిద్దీఖీ తీసిన ‘జిందగీ గుల్జార్ హై’తో నటుడు ఫవాద్ ఖాన్‌కు ఇక్కడ అభిమానులు పుట్టుకొచ్చారు. ఉరీ దాడి తర్వాత 2016 సెప్టెంబర్‌లో ఆ చానల్ పాకిస్తానీ కార్యక్రమాలను ఆపేసింది. జనం యూట్యూబ్‌కు వెళ్లారు. 2025లో పహల్గాం దాడి తర్వాత అక్కడి ప్రధాన చానళ్ల యూట్యూబ్ పేజీలు కూడా ఇక్కడ మూతపడ్డాయి.

అంతకు చాలా ముందే ‘ధూప్ కినారే’ హిందీ వేషంలో ఒకసారి వచ్చి వెళ్లింది. 2011 అక్టోబర్‌లో సోనీ టీవీ ‘కుఛ్ తో లోగ్ కహేంగే’ పేరుతో, లక్నో నేపథ్యంలో, మోహ్‌నీష్ బహల్, కృతికా కామ్రాలతో మొదలుపెట్టింది. ఆరంభం ముచ్చటగానే ఉంది. ఒరిజినల్‌ను శ్రద్ధగా చూసినవాళ్లు రాశారని తెలుస్తుంది. కానీ కొద్ది వారాల కథను రోజూ వచ్చే సీరియల్‌గా ఏడాదిన్నర సాగదీస్తే ఏం మిగులుతుంది? డాక్టర్లకు పెళ్లయింది, పెళ్లయ్యాక గొడవలు వచ్చాయి, హీరో మధ్యలో మారాడు. సాహిరా పట్టుబట్టి నిలిపిన ఆ ఎడం కాస్తా పోయింది.

ఆమె దగ్గర పని నేర్చుకున్నవాళ్లలో దూరం వెళ్లింది మరీనా ఖానే. జోయాగా నవ్విన ఆ పిల్ల తర్వాత తానూ కెమెరా వెనక్కి నడిచింది. ‘తన్‌హాయియాఁ’కు కొనసాగింపును 2012లో తీసింది. 2021లో ‘పర్దేస్’ తీసింది. మొగుడు గల్ఫ్‌లో సంపాదించి పంపే డబ్బు మీద అత్తవారింట్లో అందరూ బతుకుతుంటే, అతని భార్యకు మాత్రం చేతిలో రూపాయి ఆడని ఇంటి కథ అది. కరీంనగర్ నుంచో, కడప నుంచో దుబాయ్, కువైట్ దారి పట్టిన ఇళ్లలో చూపిస్తే, ఉర్దూ రాకపోయినా సగం సన్నివేశాలు ఇట్టే అర్థమైపోతాయి.